ఆరొచ్చేరండి

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తే నయం. ఎందుకంటే నేను చెప్పబోయేదాంట్లో సగం నేనూ మా మాస్టారూ పోట్లాడుకున్న కథే.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళపాటు ఏలూరులో ఒక లోకల్ కేబుల్ చానల్లో పనిచేశాను. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కడం, సాయంత్రం వార్తలు వెళ్ళిపోయాక మళ్ళీ పాసింజరు పట్టుకుని ఇల్లు చేరడం. ఉద్యోగం పేరు ఎడిటింగ్ అసిస్టెంట్. చేసే పని మాత్రం జనం మాట్లాడుతుంటే వాళ్ళ మాటల్ని బొమ్మ కింద అక్షరాలుగా వెయ్యడం. ఇదేం పని, తెలుగువాళ్ళకి తెలుగు రాసి చూపించడమేమిటి అని మా బంధువులు నవ్వేవారు. మా మైకు సంగతి వాళ్ళకేం తెలుసు! అది మనిషి గొంతును వదిలేసి గాలిని, ఆయిలింజన్ని, వెనకాల అరిచే కోడిని శ్రద్ధగా పట్టేది. చేపల చెరువుల దగ్గర తీసిన టేపయితే మాట వినపడడం దేవుడెరుగు. అందుకని కింద అక్షరాలు తప్పనిసరి. సగంమంది మా వార్తలు వినేవారు కాదు, చదివేవారు.

ఆ అక్షరాలకి అధికారి మాస్టారు. వట్లూరు వైపు హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. తెల్లటి చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. కంప్యూటర్ ముట్టుకోరు. నేను టైపు చేసింది ప్రింటు తీసి బల్ల మీద పెడితే, ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చేవారు. అలా దిద్దాకే టీవీలోకి వెళ్ళాలి.

దిద్దడమంటే ఏదో దీర్ఘాలూ వత్తులూ అనుకునేరు. మనిషినే దిద్దేసేవారు. అత్తిలి నుంచి ఒక రైతు, వానలకి ధాన్యం తడిసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని “ఏం చెయ్యమంటారండి, గింజంతా మొలకలొచ్చేసిందండి, ఎవడూ ముట్టుకోవట్లేదండి” అన్నాడు. అది మా టీవీలో “ధాన్యం మొలకెత్తింది. కొనుగోలుదారులు ముందుకు రావడం లేదు” అని పడింది. మర్నాడు ఆ రైతు ఫోను. “నేను అలా ఎప్పుడు మాట్టాడేనండి? మా ఊళ్ళో కుర్రాళ్ళు నన్ను కలెక్టరుగారూ అని పిలుస్తన్నారండి” అని ఒకటే గోల. నేను ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వలేక చచ్చాను.

“చూశారా మాస్టారూ? ఆయన ఏడిస్తే మీరు ప్రకటన చేయించారు” అన్నాను.

“అమ్మాయ్, మాట మనిషికి బట్టలాంటిది. చిరుగు బట్టతో ఉన్న మనిషిని అలాగే నలుగురిలోకి తోస్తామా? ఒక మంచి చొక్కా ఇస్తాం. అది మర్యాద” అన్నారాయన.

“వాళ్ళ బట్టలు వాళ్ళకున్నాయండీ. మీరు అవి విప్పించి మీవి తొడుగుతున్నారు. కొలతలు కూడా తియ్యకుండా.”

ఆయన నవ్వేసి ఊరుకునేవారు. అదే నాకు మరీ మంట. ఎదురు పోట్లాడితే నాకు బాగుండేది.

న్యాయానికి ఇంకోటీ చెప్పాలి. ఒకసారి మాస్టారు జ్వరంతో రాని రోజున, పెదపాడు దగ్గర ఒక కూలీ మాటల్ని పొల్లుపోకుండా, ఆయన అన్నది అన్నట్టే వేశాను. గొప్ప పని చేశాననుకుంటూ ఇంటికెళ్ళాను. రెండో రోజు ఆ కూలీ కూతురు ఆఫీసుకొచ్చి నన్ను కడిగిపారేసింది. డిగ్రీ చదువుతోందట. “మా నాన్నకి చదువు రాదని జిల్లా అంతటికీ రాసి చూపించాలా అండీ? పెద్దపెద్దవాళ్ళు మాట్లాడితే వాళ్ళ తప్పులు ఇలాగే వేస్తారా?” అంది. పెద్దవాళ్ళవి వెయ్యం. అది నిజం. ఆ వారమంతా మాస్టారు నాతో ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తకపోవడమే దెప్పిపొడుపు.

ఇలా మా తగువు ఎటూ తేలకుండా సాగుతుండగా ఆ కొల్లేటి టేపు వచ్చింది.

ఆ ఏడాది కొల్లేట్లో ఎటు చూసినా గట్లు తెగుతున్నాయి. సరస్సుని ఆక్రమించిన చెరువుల గట్లని సర్కారు మిషన్లు పెట్టి కొట్టిస్తోంది. అది కాకుండా, ఒక లంక గ్రామంలో ఊరంతా కలిసి చేపలు పెంచుకుంటున్న చెరువుకి ఎవరో తెల్లారగట్ల గండి కొట్టేశారు. నాలుగు రోజులాగితే పట్టుబడి, చేపలు పట్టి అమ్ముకోవడమే. బొచ్చె చేప, రాగండి చేప అంతా కొల్లేట్లో కలిసిపోయింది. ఆ చెరువుకి కాపలా ఒకతను. అతను కాపలా ఉండగా గండి ఎలా పడింది? డబ్బు తిని తనే కొట్టాడని ఊళ్ళో గుసగుస. మా రిపోర్టరు మోటారుసైకిలేసుకుని వెళ్ళి, ఆ కాపలాదారు భార్యను మాట్లాడించి తెచ్చాడు.

టేపులో ఆవిడ గట్టు మీద నిలబడి ఉంది. నా ఈడుదే. వెనకాల నీళ్ళు తోడే ఇంజను డబడబా కొట్టుకుంటోంది. మా రిపోర్టరు “మీ ఆయన ఎక్కడున్నారమ్మా ఆ టైముకి?” అని అడిగాడు. ఆవిడ ఏదో అంది. సరిగ్గా అప్పుడే ఇంజను ఇంకా పెద్దగా కొట్టుకుంది. మాట వినపడటం లేదు కదా అని రిపోర్టరు ఆ ముక్క కోయించేశాడు. ఆ తరవాత మాట కొంచెం వినపడింది. నేను చెవులకి హెడ్‌ఫోను నొక్కిపెట్టుకుని, విన్నది విన్నట్టు కొట్టాను.

“ఆరొచ్చేరండి. గట్టు తెగ్గొట్టేసేరండి. నేను సూత్తానే ఉన్నానండి. ఆరికి ఎదురు సెప్పే ధైర్యం నాకేదండి?”

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. “ఆరేమిటమ్మా? ఆరుగురా?”

“కాదండీ. వారు. వాళ్ళ యాసలో వకారం పలకరు.”

“మరి వారు అనే వేద్దాం. ఆరు అంటే జనం లెక్క అనుకుంటారు.” ఎర్ర పెన్ను కదిలింది. చక్కగా, ఒక్క తప్పు లేకుండా తయారైంది: “వారు వచ్చారు. గట్టు తెగ్గొట్టారు. నేను చూస్తూనే ఉన్నాను. వారికి ఎదురు చెప్పే ధైర్యం నాకెక్కడిది?”

నేను మామూలుగానే పోట్లాడాను. ఆ ‘అండి’లన్నీ పీకేస్తే మనిషి ఏం మిగిలిందని అడిగాను. రిపోర్టరు గడియారం చూపించి “ఏవండీ, మీ ఇద్దరి వ్యాకరణం రేపు చూసుకుందురుగాని, టైమైపోతోంది” అన్నాడు. మాస్టారి అక్షరాలతోనే వెళ్ళిపోయింది.

మర్నాడు పదకొండు దాటాక మా ఆఫీసు గుమ్మంలో ఒక మనిషి నిలబడింది. తడిసిన చీర అంచు, కాళ్ళకి మట్టి. చూడగానే పోల్చుకున్నాను. టేపులో మనిషే.

“టీవీ కింద రాసేది ఎవరండి?” అంది.

నేను లేచాను. మాస్టారు కూడా లేచి “రామ్మా, కూర్చో” అన్నారు. కూర్చోలేదు.

“నేను అనని మాట నా కింద ఎందుకు రాసేరండి? మా మావే గట్టు కొట్టేడని నా నోటితో నేను సెప్పేనా అండి?”

నేను గబగబా నిన్నటి ప్రింటు వెతికాను. మాస్టారు మాత్రం నెమ్మదిగానే “అలా ఎక్కడ రాశామమ్మా? వారు వచ్చారని రాశాం. నువ్వన్నదే” అన్నారు.

“నాకు సదవడం రాదండి. మావోళ్ళు సదివేరండి. మీ ఆయన ఎక్కడున్నాడు అని అడిగితే, వారు వచ్చేరు, గట్టు కొట్టేరు, నేను సూత్తా ఉన్నాను అన్నావు కదే, కట్టుకున్నదానివి నువ్వే ఒప్పుకున్నావు కదే అంటన్నారండి.”

ఆ ముక్కతో నాకు మొత్తం కళ్ళముందు కనిపించింది. వారు! మా ఇంట్లో మా అమ్మ నాన్నగారిని ఏమంటుంది? మా అమ్మ మిషన్ స్కూల్లో టీచరు. “వారు వచ్చారా?”, “వారికి కాఫీ ఇచ్చావా?” పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మా ఇంట్లో వారు అంటే నాన్నగారే. సీరియళ్ళలో ఆడవాళ్ళంతా అనేదీ అదే. పైన “మీ ఆయన ఎక్కడున్నారు” అనే ప్రశ్న. కింద “వారు వచ్చారు”. మధ్యలో ఆవిడ చెప్పిన అసలు జవాబు ఇంజను మింగేసింది, రిపోర్టరు కోయించేశాడు. ఇంకేం కావాలి?

“ఇప్పుడేమంటున్నారు మీ ఊళ్ళో?” అని అడిగాను.

“సాయంకాలం పెద్దలు కూసుంటారండి. ఎలి ఏసేత్తారంటండి.”

వెలి అంటే ఆ లంకల్లో మాటలు కాదు. ఎవరూ పలకరించరు. పడవ ఎక్కించుకోరు. కొల్లేట్లో వల వెయ్యనివ్వరు. నీళ్ళ మధ్య ఊళ్ళో పడవ లేకుండా, వల లేకుండా మనిషి ఎన్నాళ్ళు ఉంటాడు? ఇల్లు వదిలి పోవాల్సిందే. ఇద్దరు చిన్నపిల్లలు, కళ్ళు కనపడని అత్తగారు. ఆవిడ ఇదంతా ఏడవకుండా చెప్పింది. ఏడ్చినా బాగుండేది, నేను తట్టుకోగలిగేదాన్ని.

టేపు మొత్తం మళ్ళీ వేశాం. కోసేసిన ముక్క దగ్గర హెడ్‌ఫోను మాస్టారి చెవులకి పెట్టాను. ఇంజను మోత అడుగున, జాగ్రత్తగా వింటే, మాట ఉంది. “మా మావ ఊళ్ళో లేడండి. ఆళ్ళమ్మకి కళ్ళు సూపించడానికి గూడెం ఎల్లేడండి. కాపలాకి నేనున్నానండి.”

మాస్టారు ఆ ముక్కని మూడుసార్లు వేయించుకుని విన్నారు. ఆ తరవాత హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టారు.

“విన్నారా? మొగుడు ఆవిడకి మావ. మావ వెళ్ళాడు, లేడు. ఎక్కడైనా వారు అందా? మీ ‘వారు’ వాళ్ళింట్లో లేరు మాస్టారూ! మన ఇళ్ళల్లో ఉన్నారు. ఆవిడ నోట్లో ఆరు అంటే మొగుడు కాదు, పరాయి పెద్దమనిషి!” గట్టిగా అరిచేశాను. పక్కగదిలో డబ్బింగు చెప్పుకుంటున్న యాంకరు తలుపు తీసి చూసింది.

మాస్టారు నా అరుపు పట్టించుకోలేదు. ఆవిడ వైపు తిరిగి “ఎవరమ్మా ఆ పెద్దమనిషి?” అని అడిగారు.

ఆవిడ గుమ్మం వైపు చూసింది.

మా రిపోర్టరు నన్ను పక్కకి పిలిచి చెవిలో చెప్పాడు. అదివరకు ఊరి చెరువు లీజు ఒకాయనది. ఈసారి ఊరివాళ్ళు ఆయనకివ్వకుండా తామే చేపలు వేసుకున్నారు. అవతలి గట్టు నుంచి ఆయన చెరువులే. పడవలు ఆయనవి, చేపల మేత తెచ్చే లారీలు ఆయనవి. ఆ ఊళ్ళో పేరు లేకుండా “ఆరు” అంటే ఆ ఒక్కాయనే. ఊరి పెద్దలకి ఆ సంగతి తెలియక కాదు. ఆయన్ని అడిగేకంటే కాపలావాణ్ణి వెలెయ్యడం తేలిక. పైగా ఇప్పుడు టీవీ సాక్ష్యం ఒకటి దొరికింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

“సాయంత్రం వార్తల్లో మళ్ళీ వేద్దాం. ఈసారి కోసేసిన ముక్క కూడా కలిపి. కింద ‘వాళ్ళు వచ్చారు’ అని వేస్తాను. మొగుడు కాదని తేలిపోతుంది” అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడింది. “ఆళ్ళు అని ఏత్తారా అండి? వద్దండి! ఆళ్ళంటే మావోళ్ళేనండి. మా ఊరోళ్ళు కొట్టేరన్నట్టుంటాదండి. మళ్ళీ ఇంకోళ్ళ కొంప మునుగుద్దండి.”

అది నాకు తట్టనే లేదు. వారు అంటే మొగుడి మీద పడుతుంది, వాళ్ళు అంటే ఇరుగుపొరుగు మీద పడుతుంది. ఇక మిగిలింది ఆవిడ నోట్లోంచి వచ్చిన మాటే. అది వేస్తే చదువుకున్నవాళ్ళు ఆరుగురనుకుంటారు. ఆ ఊరివాళ్ళు మాత్రం సరిగ్గానే చదువుకుంటారు. అదే భయం.

“అమ్మా, నువ్వన్నది అన్నట్టే వేస్తే మీ ఊళ్ళో అందరికీ తెలుస్తుంది. ఆయనకీ తెలుస్తుంది” అన్నారు మాస్టారు. “ఎలా రాయమంటావో నువ్వే చెప్పు. నేను దిద్దను.”

నేనా చానల్లో చేరిన దగ్గర్నుంచీ మాట్లాడిన మనిషిని పిలిచి ఎలా రాయమంటావని ఎవరూ అడగలేదు. ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. ఆవిడ అప్పటికి కూర్చుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

“భయం లేదా?” అన్నాను ఉండబట్టలేక.

“ఎందుకు లేదండి? ఉందండి. కానీ మా మావ సెయ్యలేదు కదండి.” కొంగు వదిలేసి, “అన్నది అన్నట్టే రాసెయ్యండి” అంది.

మధ్యాహ్నం బస్సుకి ఆవిడ వెళ్ళిపోయింది. పెద్దలు కూర్చునే వేళకి ఇంటి దగ్గర ఉండాలి. రిపోర్టరు మోటారుసైకిలు మీద వెనకాలే బయల్దేరాడు. ఓనరుగారు ఊళ్ళో లేరు. ఉంటే ఏమనేవారో నాకు తెలుసు, అందుకని ఫోను చెయ్యలేదు.

టైపు చెయ్యడానికి కూర్చుంటే మాస్టారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ప్రింటు అక్కర్లేదన్నారు. తనే చెప్పడం మొదలుపెట్టారు. “ఆ. రొ. చ కింద చ వత్తు, దానికి ఏత్వం. చ్చే.” ఆయన నోటికి ఆ మాటలు అలవాటు లేవు. ‘సూత్తానే’ దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, మళ్ళీ చెప్పారు. నేను “నాకు తెలుసండీ” అనబోయి, ఆయన మొహం చూసి కిక్కురుమనకుండా కొట్టాను. ఒక్క అండి కూడా పోలేదు.

వార్తలు మొదలయ్యే ముందు కొత్త బెంగ పట్టుకుంది. ఆ లంకల్లో కరెంటు ఉండాలి కదా. సాయంత్రాలు తరచూ తీసేస్తారు. తీసేస్తే మేం వేసింది ఎవరూ చూడరు, పెద్దలు నిన్నటి అక్షరాలతోనే తీర్పు చెప్పేస్తారు. రిపోర్టరు సెల్లుకి చేస్తే కలవలేదు. కొల్లేట్లోకి దిగాక సిగ్నలు గాలివాటం. మాస్టారు గదిలో ఇటూ అటూ తిరుగుతున్నారు. నేను ఏసుప్రభూ కరెంటు, ఏసుప్రభూ కరెంటు అనుకుంటూ కూర్చున్నాను. అంత చిన్న ప్రార్థన అంత గట్టిగా నేనెప్పుడూ చెయ్యలేదు.

మా తెర మీద ఆవిడ మొహం వచ్చింది. కోసేసిన ముక్కతో సహా కింద అక్షరాలు వచ్చాయి, పోయాయి. అంతే. ఆ తరవాత చేపల ధరలు. నా పాసింజరు వెళ్ళిపోయే టైమైనా నేను లేవలేదు.

ఫోను మోగేసరికి ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం. రిపోర్టరు. కరెంటు ఉందట. పెద్దలు కూర్చున్న అరుగు ఎదురింట్లోనే టీవీ. అందరూ చూశారట. ‘ఆరొచ్చేరండి’ అని ఎవరో కుర్రాడు పైకి చదివాడట. ఆరంటే ఎవరని ఒక్కరూ అడగలేదట. కాసేపటికి అందరికంటే పెద్దాయన తుండుగుడ్డ దులుపుకుని “ఇక లెగండ్రా” అన్నాడట. తగువు లేదు, వెలి లేదు.

నేను ఏడ్చేశాను. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ “అమ్మయ్య” అన్నారు. ఆయన నోట అంత పొట్టి వాక్యం నేనెప్పుడూ వినలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఫోనొచ్చింది. మాస్టారే తీశారు. ఆ రోజుల్లో మా ఫోనుకి ఒక గొట్టం స్పీకరు ఉండేది, మాట గదంతా వినపడేది.

“ఏవండీ, వార్తల ఆఫీసేనా అండి? నమస్కారమండి.” అంత మెత్తటి గొంతు, అంత మర్యాద! పెళ్ళి పిలుపుకి ఫోను చేశారేమో అనుకుంటాం. “మరేం లేదండి. నిన్న మీ టీవీలో ఎవరో ఆరొచ్చేరని పడిందటండి. మా కుర్రాళ్ళు సెప్పేరండి. ఆరంటే ఎవరండీ?”

మాస్టారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. గొంతు మాత్రం క్లాసులో పాఠం చెప్పినట్టే వచ్చింది.

“ఆరుగురండి. టైపులో రెండక్షరాలు పడిపోయాయి. అచ్చుతప్పు. మాదే పొరపాటండి.”

“ఆరుగురా అండి?”

“ఆరుగురేనండి. చీకట్లో మొహాలు కూడా కనపడలేదటండి ఆ అమ్మాయికి.”

“అలాగా అండి. మరి ఆ తప్పేదో సరిదిద్ది వేస్తే బాగుంటాదేమో సూడండి. ఆడకూతురు మాట కదండి, పదిమందీ పదిరకాలుగా అనుకుంటారు.”

“తప్పకుండా వేస్తామండి” అన్నారు మాస్టారు.

ఫోను పెట్టేశాక నా వైపు తిరిగి “అమ్మాయ్, స్క్రోలింగు ఒకటి రాయి” అని చెప్పడం మొదలుపెట్టారు. “నిన్నటి వార్తలో ‘ఆరొచ్చేరు’ అని వెలువడిన చోట ‘ఆరుగురు వచ్చారు’ అని చదువుకోగలరు. ముద్రణలో దొర్లిన పొరపాటుకు చింతిస్తున్నాము.”

“నేను కొట్టను” అన్నాను. “తప్పు కానిదాన్ని తప్పంటారా? మీరు? జీవితమంతా దిద్దిన మనిషి, ఉన్నదాన్ని చెడగొట్టి దిద్దుబాటు అంటారా? ఆయనకి భయపడి?”

“భయపడ్డాను” అన్నారాయన. “నాకోసం కూడా భయపడ్డాను, లేదనను. కానీ నువ్వూ నేనూ ఇక్కడుంటాం. ఆ అమ్మాయి అక్కడ ఉండాలి. రాయమ్మా.”

కొట్టాను. కీబోర్డు విరిగిపోయేట్టు కొట్టాను. ఆ రోజంతా తెర అడుగున ఆ వాక్యం అటు నుంచి ఇటు పోతూనే ఉంది. వ్యాకరణానికి వంక పెట్టడానికి లేదు. ఆరుగురు ఎవరో చెబితే పట్టుకుంటామని స్టేషన్ నుంచి ఒక కానిస్టేబులు ఫోను కూడా చేశాడు. మాకు తెలియదని చెప్పాను.

కొన్ని వారాల తరవాత ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి పక్కన మొగుడూ ఉన్నాడు. అత్తగారి కళ్ళకి ఆపరేషన్ చేయించడానికి ఏలూరు తీసుకొచ్చారట. అతను గుమ్మం బయటే నిలబడి నమస్కారం పెట్టాడు. పలచటి మనిషి. ఆవిడే లోపలికి వచ్చింది.

“ఊళ్ళో అందరూ బాగానే ఉంటున్నారా?” అని అడిగారు మాస్టారు.

“బాగానే ఉంటన్నారండి. మా మావ వలకెల్తన్నాడండి. పిల్లలు పడవ మీద బడికెల్తన్నారండి.”

“మరి ఆయన? ఏమైనా అన్నాడా?” నేను తట్టుకోలేక అడిగేశాను.

ఆవిడ గొంతు తగ్గించింది. ఆఫీసులో మేం తప్ప ఎవరూ లేరు, అయినా తగ్గించింది.

“మొన్న ఆరు మా ఇంటి మీంచే ఎల్తా ఆగేరండి. ఏమ్మా, గట్టు కొట్టిన ఆ ఆరుగురూ దొరికేరా అని నన్నే అడిగేరండి.”

“నువ్వేమన్నావు?”

“ఇంకా లేదండి అన్నానండి. ఏమంటానండి మరి?”